కొమరం భీము - ఆసిఫాబాదు కచేరి

ఒక జాతి పూర్వవైభవమును దాని కట్టడములే చాటునని పెద్దలందురు. మన గోండు జాతికి అట్టి సాక్ష్యములకు కొదువ లేదు. సిర్పూరు కోట, ఉట్నూరు కోట, మాణిక్‌గఢ్ దుర్గము నేటికిని గోండు రాజుల పేరనే చెప్పుకొనబడుచున్నవి. అట్టి కోటలనేలిన వారి సంతతివారే కాలవశమున ఆసిఫాబాదు కచేరి వాకిట చేతులు జోడించి నిలువవలసిన దినములు వచ్చెను. ఆ వాకిట న్యాయము దొరకక, తుదకు జోడేఘాట్ కొండపై ప్రాణములర్పించిన మహనీయుడు కొమరం భీము. ఈ మహాసభా సమయమున ఆయన చరిత్రమును స్మరించుట మనకు విధి.

ఆయన చరిత్రము తెలియవలెనన్న నాటి ఆసిఫాబాదు స్థితి మొదట తెలియవలెను. ఇది పూర్వము జనగామ యను పేరుగల చిన్న ఊరు. 1905లో ఆదిలాబాదు ప్రత్యేక జిల్లాగా ఏర్పడిన పిమ్మట, 1913 మొదలు 1941 వఱకు ఆసిఫాబాదే జిల్లాకు ముఖ్యస్థానమై యుండెను. అవ్వల్ తాలూకాదారు కచేరి, న్యాయస్థానము, పోలీసు ఠాణా, అటవీశాఖ కార్యస్థానము అన్నియు అచ్చటనే. ఆ కచేరులలో దఫ్తరములు ఉర్దూలో నడచుచుండెను; గోండులలో పెక్కుమందికి ఆ భాష చదువ రాదు. ఆ కాలముననే అడవులకు హద్దురాళ్లు పడెను. పోడు కొట్టుటయు, పశువులను మేపుటయు, కట్టె తెచ్చుటయు నేరములాయెను. 1929లో కాజీపేట - బల్లార్షా రైలుమార్గము పూర్తి కాగా, పైప్రాంతములవారు తండోపతండములుగా వచ్చి భూములు పట్టాలు చేయించుకొనిరి. పట్టా యను కాగితము విలువ నెఱిగినవాడు భూస్వామి యయ్యెను. ఎఱుగనివాడు తన తాతలు బాగుచేసిన చేనిలోనే పరాయివాడయ్యెను.

భీము 1901లో ఆసిఫాబాదు సమీపమునగల సంకెపల్లి గ్రామమున జన్మించెను. తండ్రి పేరు చిన్ను. అటవీ సిబ్బందితో కలిగిన తగవులో తండ్రి ప్రాణములు కోల్పోగా, ఆ కుటుంబము సుర్దాపూరునకు తరలిపోయెను. అచ్చట అడవి నఱకి చేను చేసికొనిరి. పంట చేతికి వచ్చిన తరుణమున ఒక పట్టాదారుడు వచ్చి భూమి తనదని వాదించెను. కలహము ముదిరెను. భీము కొట్టిన దెబ్బకు ఆతడు మరణించెను. కచేరిలో తన మొఱ వినువాడు లేడని యెఱిగిన ఆ యువకుడు ఆ రాత్రియే చాందా దిక్కునకు పోయెను.

చాందాలో ఒక ముద్రణాలయమున పనిచేయుచు అక్షరములు నేర్చెననియు, పిమ్మట అస్సాము తేయాకు తోటలలో కొన్ని యేండ్లు కూలిచేసెననియు మనవారిలో ప్రసిద్ధమైన కథనము. తిరిగి వచ్చి కాకన్‌ఘాట్ గ్రామమున లచ్చు పటేలు నొద్ద చేరెను. ఆ పటేలునకు సంబంధించిన భూమి వ్యాజ్యమున సాయపడి గెలిపించెనని చెప్పుదురు. ఇది చిన్న సంగతి కాదు. దస్తావేజు చదువగలిగిన గోండునకు కచేరి ద్వారము కొంతయైనను తెఱచుకొనునని మనవారికి అప్పుడు తెలిసివచ్చెను. భీము పేరు చుట్టుపట్ల గూడెములన్నిటను వ్యాపించెను.

అటుపిమ్మట జోడేఘాట్, పట్నాపూరు, బాబెఝరి మొదలైన పండ్రెండు గూడెములవారు ఆయనను నాయకునిగా వరించిరి. వారు కోరినది నీరు, అడవి, భూమి వీనిపై తమ హక్కు. తమ గూడెములలో తమ పాలన. అటవీ సిబ్బంది గుడిసెలు తగులబెట్టి పైరులు పాడుచేసినను వారు కదలలేదు. భీము హైదరాబాదు నగరమునకు పోయి ప్రభువు దర్శనము కోరెననియు, అది లభింపలేదనియు పెద్దలు చెప్పుదురు. రాజీ మాటలు పొసగలేదు. 1940లో సాయుధ పోలీసులు కొండనెక్కి తుపాకులు కాల్చిరి. భీము, ఆయనతో మఱి పలువురు గోండులు నేలకొరిగిరి. నాటినుండి ఆశ్వయుజ పూర్ణిమనాడు మనవారు ఆయనకు వర్ధంతి జరుపుచున్నారు.

ఆ నెత్తురు వ్యర్థము కాలేదు. గోండుల అసంతృప్తికి కారణము తెలిసికొనుటకు నైజాము ప్రభుత్వము హైమెన్‌డార్ఫ్ పండితుని నియోగించెను. ఆయన భార్యతో మార్లవాయి గూడెమున నివసించెను. 1943లో అచ్చట గోండు ఉపాధ్యాయుల శిక్షణకేంద్రము వెలసెను. నాగరి లిపిలో గోండీ వాచకములు అచ్చుపడెను. లక్ష యెకరములకు మించిన భూమికి గిరిజనులు పట్టాలు పొందిరి. మార్లవాయి బడి గోండు తన భాషతో తలయెత్తుకొని ప్రవేశించిన మొదటి సర్కారు కట్టడములలో నొకటి. ఆ దంపతుల సమాధులు అచ్చటనే కలవు.

నేడు భీము పేరు పెక్కు కట్టడములకు అలంకారమైనది. ఉట్నూరులో గిరిజనాభివృద్ధి సంస్థ యున్న భవనసముదాయము ఆయన పేరిటిది. 2016లో జోడేఘాట్‌న స్మారకమును, ప్రదర్శనశాలయు వెలసెను; ఆ యేడే ఆసిఫాబాదు జిల్లాకు ఆయన పేరు పెట్టబడెను. 2022లో హైదరాబాదున కొమరం భీము ఆదివాసీ భవనము ప్రారంభమాయెను. 2023 జూన్ 30న ఆసిఫాబాదున జిల్లా కలెక్టరు కార్యాలయమునకు నూతన సౌధము ప్రారంభింపబడెను. ఆనాడే, ఆ పట్టణముననే, పోడు భూముల పట్టాల పంపిణీకి శ్రీకారము చుట్టబడెను. రాష్ట్రమంతట లక్షన్నర కుటుంబములకు 4 లక్షల యెకరములకు పైబడి ఇచ్చుట దాని సంకల్పము. ఏ ఊరి కచేరి భీమునకు ముఖము చాటు చేసెనో, ఆ ఊరి కచేరికే ఆయన పేరుగల జిల్లా పాలనము దక్కినది.

అయినను సోదరులారా, గోడపై పేరు చూచి తృప్తిపడి ఊరకుండుట తగదు. పట్టాకై తిరుగుచున్న గోండు ముసలివాడు ఆ సౌధపు మెట్లపై పొద్దంతయు కూర్చుండి రిక్తహస్తములతో మరలిన దినమున, ఆ పేరు వట్టి అక్షరములే యగును. కావున సంఘ సభ్యులలో చదువుకొన్నవారు తమ గూడెమువారి అర్జీలు వ్రాసి, వెంటనుండి కచేరికి తోడుపోవలెను. పోషకులైన పెద్దలు మన బాలబాలికల వసతిగృహములకు చేయూతనీయవలెను. దస్తావేజు చదువగల బిడ్డ గూడెమునకొక్కడైనను కలిగిననాడు ఆ మహనీయుని ఋణము కొంత తీఱును. ఆయన కోరినది భవనము కాదు, భూమి. పేరు కాదు, న్యాయము.