బలానికి ముందు అభ్యాసం: కోడి రామ్మూర్తి నాయుడు జీవితం

రాయపూర్ నుంచి విజయనగరం వెళ్లే రైలు ఒడిశాలోని బలంగీర్ జిల్లాను దాటి వెళుతుంది. ఆ దారికి చివరనున్న విజయనగరంలో వ్యాయామ విద్య ఆరంభించి, 1942 జనవరిలో బలంగీర్‌లో తుదిశ్వాస విడిచిన మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు. కలియుగ భీముడిగా తెలుగువారు నేటికీ స్మరించుకునే ఆయన బలం వెనుక ఎంతో అభ్యాసం ఉంది.

1880వ దశకం తొలినాళ్లలో ఉత్తరాంధ్రలోని వీరఘట్టంలో రామ్మూర్తి జన్మించారు. తల్లిని చిన్ననాడే కోల్పోగా, విజయనగరంలో ఉన్న పినతండ్రి ఆయనను చేరదీసి పెంచారు. అక్కడి వ్యాయామశాలలో, కుస్తీ గోదాలో ఆయన దేహం రాటుదేలింది. అయితే బలం వచ్చింది కదా అని నేరుగా ప్రదర్శనలకు దిగలేదు. మద్రాసు సమీపంలోని సైదాపేట కళాశాలలో ఏడాదిపాటు వ్యాయామ శిక్షణ పొందారు. తిరిగివచ్చి, తాను చదివిన ఉన్నత పాఠశాలలోనే వ్యాయామ ఉపాధ్యాయుడయ్యారు. ప్రపంచం ఎరిగిన బలశాలి కావడానికి ముందు ఆయన విద్యార్థి, ఆపై గురువు.

అనంతరం సర్కస్ సంస్థను నెలకొల్పి దేశమంతటా పర్యటించారు. ఛాతీకి చుట్టిన ఉక్కు గొలుసును ఊపిరి పూరించి తెంచడం, కదిలే కార్లను నిలువరించడం, ఛాతీపై ఏనుగును నిలుపుకోవడం ఆయనకు ఖ్యాతి తెచ్చిన విన్యాసాలు. లండన్‌లో ఐదవ జార్జి చక్రవర్తి ఎదుట ప్రదర్శన ఇచ్చి, ఇండియన్ హెర్క్యులస్ అనిపించుకున్నారు. శాకాహారి అయిన ఆయన తన శక్తికి ప్రాణాయామమే ఆధారమని విశ్వసించారు.

చివరి రోజుల్లో వ్రణం కారణంగా కాలు తీసివేయవలసి వచ్చింది. మత్తుమందు తీసుకోకుండానే, శ్వాసను నిగ్రహించి ఆ శస్త్రచికిత్సను భరించారని చెబుతారు.

ఆయన విన్యాసాలు నేటి యువత అనుకరించవలసినవి కావు. నేర్చుకోవలసింది ఆయన నడిచిన క్రమం. నేడు వ్యాయామశాలలో చేరిన తొలివారమే బరువులు పెంచుకుంటూ పోయే ఆత్రుత అధికం. నేలపై ఉన్న కడ్డీని ఎత్తేవేళ నడుము గూనిగా వంగితే భారం వెన్నుపై పడుతుంది. వెన్ను నిటారుగా, కడ్డీ దేహానికి దగ్గరగా, పాదాలు నేలపై స్థిరంగా ఉంటే ఆ భారాన్ని తొడలు, తుంటి కండరాలు పంచుకుంటాయి. ఈ భంగిమను ఖాళీ కడ్డీతో, శిక్షకుని పర్యవేక్షణలో అలవరచుకున్నాకే బరువు చేర్చడం క్షేమకరం. ఊపిరి బిగబట్టినపుడు రక్తపోటు పెరుగుతుంది గనుక, ఆ సమస్య ఉన్నవారు ముందుగా వైద్యుని సంప్రదించాలి.

శ్రీకాకుళంలోని క్రీడా మైదానం ఆయన పేరును ధరించింది. విశాఖ సాగరతీరాన ఆయన విగ్రహం నిలిచింది. చూపరులకు అందులో కనిపించేది కండబలమే. ఆ బలాన్ని నిలబెట్టింది సైదాపేటలో గడిపిన ఏడాది.