శ్రీ వరాహగిరి వేంకటగిరిగారు

మన కొత్తవలస మీదుగా పోవు రైలుదారి వెంబడి ఉత్తరమునకు పోయినచో, విజయనగరము, పలాస దాటిన పిదప బరంపురము వచ్చును. ఆ పట్టణము మద్రాసు రాజధానిలోని గంజాము జిల్లాకు చేరియున్న కాలమున, 1894వ సంవత్సరము ఆగస్టు 10వ తేదీన, శ్రీ వరాహగిరి వేంకటగిరిగారు అచ్చట జన్మించిరి. తండ్రి జోగయ్య పంతులుగారు న్యాయవాది.

గిరిగారును ఆ వృత్తినే అవలంబింప నెంచి, 1913లో ఐర్లండు దేశపు ముఖ్యపట్టణమగు డబ్లినునకు ధర్మశాస్త్రము చదువ నేగిరి. ఆ యేడే అచ్చటి యజమానులు, సంఘమున చేరిన పనివారిని పనిలోనికి రానీయక తలుపులు మూసిరి. సుమారు 20,000 మంది మాసముల తరబడి కూలి లేక అలమటించిరి. వారి నాయకులలో నొకడగు జేమ్సు కొనలీ, దేశ స్వాతంత్ర్యమును పనివాని కూడును వేరు కావని బోధించుచుండెను. ఆ బోధ గిరిగారి మనస్సున గాఢముగా నాటుకొనెను.

1916 ఏప్రిల్ 24న, ఈస్టరు పండుగ మరునాడు, డబ్లినులో తిరుగుబాటు లేచి ఆరు దినములలో అణగిపోయెను. గిరిగారు చదివిన కళాశాలలోనే ఆంగ్ల సాహిత్యము బోధించుచుండిన థామసు మెక్‌డొనాను మే 3న కాల్చిచంపిరి. గాయములచే నిలువలేని కొనలీని మే 12న కుర్చీకి కట్టి కాల్చిరి. ఆ వేసవిలోనే గిరిగారు ప్రభుత్వపు టుత్తరువుచే ఐర్లండును విడువవలసి వచ్చెను.

ఎక్కడి ఐర్లండు, ఎక్కడి బరంపురము అని మనకు తోపవచ్చును. కాని ఒకే సామ్రాజ్యపు కాడి రెండు దేశముల మెడలపైనను ఉండెను. ఆ యేటనే మన దేశమున వ్యాపించిన హోంరూలు ఉద్యమము పేరును ఐర్లండునుండి వచ్చినదే.

స్వదేశమునకు వచ్చి న్యాయవాదియైన గిరిగారు, గాంధీమహాత్ముని పిలుపు విని ఆ వృత్తిని విడిచిరి. 1922లో చెరసాల కేగిరి. పిమ్మట, మన యూరి మీదుగా పోవు ఈ దారి ఏ బెంగాల్ నాగపూరు రైల్వేకు చెందియుండెనో, ఆ రైల్వే పనివారిని సంఘముగా కూర్చిరి. 1937లో బొబ్బిలియందు నాటి మద్రాసు ప్రధానమంత్రియగు బొబ్బిలి రాజాగారినే ఎన్నికలలో ఓడించి, కార్మికశాఖ మంత్రియైరి. 1952లో పాతపట్నమునుండి లోకసభ కెన్నికై, కేంద్రమునను ఆ శాఖనే వహించిరి. 1954లో బ్యాంకు ఉద్యోగుల కనుకూలమైన తీర్పును ప్రభుత్వము మార్పగా, ఆ పదవిని వదలుకొనిరి. కూలిపక్షమున నిలుచుట అధికారము లేనినాడు సులభము. అధికారమున నున్నవారు అందుకై దానిని విడుచుట అరుదు.

1969లో రాష్ట్రపతియై, 1975లో భారతరత్న బిరుదము నొంది, 1980 జూన్ 24న గిరిగారు మద్రాసులో పరమపదించిరి. విద్యార్థులారా! పరదేశ చరిత్రను పరీక్షకొరకే చదువకుడు. పరుల కష్టమున మనవారి కష్టమును గుర్తించుటయే గిరిగారు డబ్లినున నేర్చిన గొప్ప పాఠమని మేము తలంచుచున్నాము.