తాళపత్రాలకు చిరునామా వ్రాసిన బ్రౌన్

ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ పేరు విననట్టి తెలుగు విద్యార్థి అరుదు. వేమన పద్యాలను వెలికి తెచ్చినవారనీ, గొప్ప నిఘంటువును కూర్చినవారనీ పాఠ్యపుస్తకాలు చెబుతాయి. ఆ రెండూ సత్యములే. అయితే ఆయన జీవితమంతటా పరచుకొని ఉన్న మరొక కృషి మీద మన దృష్టి అంతగా నిలువలేదు. ఒక గ్రంథాన్ని గూర్చిన వివరాలను వ్రాసిపెట్టడం, వాటిని క్రమపరచడం, వెదకినవానికి ఆ గ్రంథం దొరికేటట్లు చేయడం అన్నదే ఆ కృషి. నేడు వెబ్‌సైట్ల నిర్వాహకులు మెటాడేటా అని వ్యవహరించే దానికి ఇది అతి సమీప బంధువు. కంప్యూటరు తరగతిలో ఆ మాట విని బెదిరిన మన విద్యార్థులకు బ్రౌన్ జీవితం దానిని సులభంగా బోధించగలదని తలచి ఈ వ్యాసానికి పూనుకొన్నాము.

బ్రౌన్ 1798 నవంబరు 10వ తేదీన కలకత్తాలో జన్మించారు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతాచార్యులు. ఆయన 1812లో మరణించడంతో కుటుంబం ఇంగ్లండు చేరింది. హెయిలీబరీ కళాశాలలో కంపెనీ ఉద్యోగానికి తగిన శిక్షణ పొంది బ్రౌన్ 1817లో మదరాసులో అడుగుపెట్టారు. సెయింట్ జార్జి కోట కళాశాలలో వెలగపూడి కోదండరామ పంతులు వద్ద తెలుగు అభ్యసించారు. 1820లో కడప కలెక్టరుకు సహాయకునిగా నియమితులైనారు. అప్పటికి ఆయనకు ఇరువది రెండేండ్లు నిండలేదు. కచేరీ తెలుగు త్వరలోనే పట్టుబడింది. కావ్యాల తెలుగు మాత్రం సులభంగా లొంగలేదు. పాఠం చెప్పగల పండితులు ఉన్నారు గాని చేతికందే అచ్చుపుస్తకాలు బహుస్వల్పం.

నాటి గ్రంథం ఎట్లుండేదో ఇక్కడ కొంత వివరించాలి. తాటాకు పుస్తకానికి ముఖపత్రం లేదు. పద్యాలు విడివిడి పాదాలుగా గాక పంక్తి వెంట పంక్తిగా, మాటకూ మాటకూ ఎడం లేకుండా సాగిపోతాయి. కవి ఎవరు, ఆయన తండ్రి ఎవరు, కావ్యం పేరేమి, ఇది ఎన్నవ ఆశ్వాసం అనే వివరాలు ఆశ్వాసాంతంలోని గద్యలో ఉంటాయి. ప్రతి వ్రాసిన లేఖకుడు తన పేరును, ముగించిన తిథిని చివరి ఆకు మీద వ్రాస్తాడు. ఫారసీ, ఉర్దూ వ్రాతప్రతుల అంత్యంలో తర్ఖీమా చేసే పని కూడా ఇదే. రెండు భాషల లేఖకులూ ఒకరినొకరు ఎరుగకనే ఒకే అవసరాన్ని గుర్తించారు! చిక్కు ఏమంటే పుస్తకంలో అందరికంటె ముందు శిథిలమయ్యేవి మొదటి ఆకు, చివరి ఆకు. అవి పోయిన నాడు నడిమి వంద ఆకులు చెక్కుచెదరకున్నా ఆ గ్రంథం అనాథ అవుతుంది.

మన కవులు దీనికి మరొక ఉపాయం కూడా ఎరుగుదురు. అది మకుటం. మన జగిత్యాల జిల్లాలోని ధర్మపురికి చెందిన శేషప్ప కవి నరసింహ శతకాన్నే చూడండి. ప్రతి పద్యం చివర ధర్మపురి పేరు వస్తుంది. వంద పద్యాలలో ఒక్కటి మాత్రమే ఎవరి నోటనో మిగిలినా అది ఏ ఊరి స్వామిని గూర్చినదో చెప్పగలము. వివరాన్ని ఆకు మీద గాక పద్యంలోనే పొదిగిన ఈ పద్ధతిని మేము ఎంతగానో మెచ్చుకొంటాము.

మకుటానికీ ఒక లోపమున్నది. దానిని ఎవరైనా తగిలించవచ్చును. వేమన విషయంలో బ్రౌన్‌కు ఎదురైన సమస్య ఇదే. 1824 ప్రాంతాన, మచిలీపట్నంలో పని చేస్తున్న కాలంలో, అబె దుబువా అనే ఫ్రెంచి మతాచార్యుని గ్రంథం ద్వారా ఆయన దృష్టి వేమన మీదకు మళ్ళింది. ప్రతులు తెప్పించి చూడగా ఒక ప్రతిలోని వరుస మరొక దానిలో లేదు, పద్యాల సంఖ్య కుదరదు, పాఠాలు కలియవు. బ్రౌన్ ప్రతులన్నింటినీ సరిపోల్చి, పద్యాలకు వరుస సంఖ్యలు వేసి, మత, నీతి, అధిక్షేప విషయాలుగా వర్గీకరించి, 693 పద్యాలను ఆంగ్లానువాదంతో 1829లో ప్రకటించారు. 1839లో వెలువడిన ప్రతిలో సంఖ్య 1164కు పెరిగింది. పద్యానికి సంఖ్య ఏర్పడిన తరువాతనే దానిని గూర్చి కడపలోని పండితుడు, మదరాసులోని పండితుడు వాదించుకొనడం సుకరమైంది.

ఆ వర్గీకరణ నిర్దుష్టమని మేము అనము. వేమన పద్యం ఒక్కటే నీతి కావచ్చును, అధిక్షేపమూ కావచ్చును. అచ్చుపుస్తకంలో దానికి ఒక్కచోటే ఇవ్వగలరు. నేటి కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్‌లో అదే పద్యానికి రెండు మూడు విషయపదాలు జోడించి రెండు మూడు దారుల నుండి దాని వద్దకు చేరవచ్చును. బ్రౌన్‌కు ఆ సౌకర్యం లేదు.

విషయపదం కేవలం పండితుల విలాసమని తలచేవారు బ్రౌన్ గుంటూరు ఉద్యోగాన్ని స్మరించాలి. 1832–33లో ఆ జిల్లాను డొక్కల కరువు పీడించింది. పైఅధికారులకు కొరత అనే మెత్తని మాట ఇష్టం. బ్రౌన్ తన లేఖలలో కరువు అనే మాటనే వాడారు. కాగితం మీద కొరత అని ఉంటే అది ఒక దస్త్రంలోకి పోతుంది. కరువు అని ఉంటే పన్ను, సహాయం, బాధ్యత అనే ప్రశ్నలు దాని వెంట బయలుదేరుతాయి. ఒక్క మాట ఎంపికలో వేలాది ప్రాణాలు ఇమిడి ఉన్న సందర్భమది. పైవారి విమర్శ వచ్చినా ఆయన మాట మార్చుకొనలేదు.

1834లో ఉద్యోగం కోల్పోయి బ్రౌన్ ఇంగ్లండు వెళ్ళారు. అక్కడ కూడా ఊరక కూర్చొనలేదు. లండనులోని ఇండియా హౌస్ గ్రంథాలయంలో దక్షిణ భారత భాషల వ్రాతప్రతులు 2106 పడి ఉన్నట్లు కనుగొన్నారు. చదివేవారు సముద్రానికి ఆవల, పుస్తకాలు ఈవల! వాటిని మదరాసు లిటరరీ సొసైటీకి పంపించే ఏర్పాటు చేయించారు. అంతకు ముందే కర్నల్ మెకంజీ సేకరణకు విల్సన్ కూర్చిన పట్టిక 1828లో అచ్చయింది. కావలి సోదరుల వంటి తెలుగువారు ఊరూరా తిరిగి సేకరించి, సారాంశాలు వ్రాయకపోతే ఆ పట్టికయే లేదు. అయినా ముఖపత్రం మీద వారి పేర్లు లేవు.

ఈ మాట బ్రౌన్ విషయంలోనూ చెప్పక తప్పదు. కడపలో ఆయన తోట బంగళాను కొని, సొంత జీతం నుండి వేతనాలిచ్చి పండితులను పోషించారు. జూలూరి అప్పయ్య వంటివారు అక్కడ ప్రతులను సరిచూచి, శుద్ధప్రతులు వ్రాసి, టీకలు కూర్చి, పద్యసూచికలు తయారు చేశారు. లోకులు దానిని బ్రౌన్ కాలేజీ అన్నారు. వసుచరిత్ర 1844లో, మనుచరిత్ర 1851లో ఆ శ్రమ ఫలితంగానే సవ్యాఖ్యానంగా అచ్చయినాయి. నేడు విద్యార్థిని అడిగితే బ్రౌన్ పేరు చెబుతాడు, అప్పయ్య పేరు చెప్పడు. 1995లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రపు డబ్లిన్ పట్టణంలో జరిగిన ఒక సమావేశం నుండి డబ్లిన్ కోర్ అనే వివరపద్ధతి పుట్టి, క్రమంగా 15 అంశాలుగా స్థిరపడింది. అందులో కర్తకు ఒక గడి, సహకరించినవారికి వేరొక గడి, మూలప్రతికి ఇంకొక గడి ఉన్నాయి. వెబ్‌సైటులో ఒక వ్యాసమో ఛాయాచిత్రమో చేర్చేటప్పుడు మన పిల్లలు ఖాళీగా వదలివేసేవి తరచుగా ఆ రెండవ, మూడవ గడులే. అప్పయ్య ఉండవలసినది రెండవ గడిలో. ఆయన ఎదుట ఉన్న తాళపత్రం ఉండవలసినది మూడవ దానిలో.

తిరిగి వచ్చిన బ్రౌన్ మదరాసులో ప్రభుత్వానికి ఫారసీ అనువాదకులుగా, అనంతరం పోస్టుమాస్టరు జనరలుగా పని చేశారు. చిరునామాల విలువ తెలిసినవారికి తగిన పదవియే లభించిందనాలి. 1840లో వ్యాకరణం, 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు వెలువడినాయి. ఉర్దూ, తెలుగు రెండూ బోధించే కళాశాల వారమైన మాకు వీటికంటె ముచ్చట గొలిపేది 1854 నాటి మిశ్రభాషా నిఘంటువు. జమాబందీ, దస్తావేజు, రసీదు వంటి అరబ్బీ, ఫారసీ మాటలు తెలుగు కచేరీలలో, అంగళ్ళలో స్థిరపడిపోయినాయి. సంప్రదాయ పండితులు వాటిని అన్యదేశ్యాలని పక్కకు నెట్టారు. వాడుకలో ఉన్న మాటకు అర్థం చెప్పడమే తన పని అని బ్రౌన్ గ్రహించి వాటి కోసం ప్రత్యేకంగా ఒక సంపుటాన్నే కేటాయించారు. కోరుట్ల బజారులో ఒక పూట నిలబడి వింటే ఆ సంపుటం ఎందుకు అవసరమయిందో అర్థమవుతుంది.

మన ప్రాంతం నాడు నిజాము రాజ్యంలోనిది. బ్రౌన్ ఉద్యోగరీత్యా ఇటు రాలేదు. కాని ఆయన ఎదుర్కొన్న చిక్కు మన ఇంటి గుమ్మంలోనే ఉన్నది. జగిత్యాల అని తెలుగులో వ్రాస్తాము, జగ్తియాల్ అని ఉర్దూలో పలుకుతాము. రోమను లిపిలో రెండు విధాలూ కనబడతాయి. సిరిసిల్ల ఒకచోట సిర్సిల్లా. కోరుట్ల మరొకచోట కొరట్ల. మనిషికి ఇవి ఒకే ఊరని తెలుసు, యంత్రానికి తెలియదు. 2016కు పూర్వపు వ్యాసాలలో ఈ ఊళ్ళన్నీ కరీంనగర్ జిల్లాలోనివి. ఆ తరువాత రెండు జగిత్యాల జిల్లాలో, ఒకటి రాజన్న సిరిసిల్ల జిల్లాలో. ఒక రూపాన్ని ప్రధానంగా నిర్ణయించి, మిగిలిన రూపాలన్నింటినీ దాని కిందకు చేర్చే జాబితా లేకపోతే వెదకువానికి సగమే దొరుకుతుంది. దొరకని సగం ఉన్నదని కూడా వానికి తెలియదు.

వివరం ఎంతకాలం నిలుస్తుందో తెలియాలంటే గంగాధర సమీపంలోని కురిక్యాల కొండకు వెళ్ళాలి. పదవ శతాబ్దంలో వేములవాడ చాళుక్యుల ఆస్థానంలో వెలసిన పంపకవి వంశాన్ని, స్వస్థలాన్ని ఆయన తమ్ముడు జినవల్లభుడు అక్కడ బండ మీద మూడు భాషలలో చెక్కించాడు. కన్నడ ఆదికవికి సంబంధించిన ఆ వివరాలు తెలంగాణ కొండ మీద, తెలుగు కందపద్యాలతో సహా దొరికాయి.

బ్రౌన్ తన సేకరణను మదరాసు లిటరరీ సొసైటీకి సమర్పించారు. 1855లో దేశం విడిచి వెళ్ళారు. మెకంజీ, లండను నుండి వచ్చినవి, బ్రౌన్ ఇచ్చినవి అనే మూడు సేకరణలకు విలియం టేలర్ కూర్చిన పట్టిక 1857–62 నడుమ అచ్చయింది. ఆ మూడింటి పునాది మీదనే మదరాసు ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారం నిలిచింది. 1865లో బ్రౌన్ లండను విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యులైనారు. 1884 డిసెంబరు 12న మరణించారు. అవివాహితులు.

కడపలో ఆయన బంగళా ఉండిన స్థలంలో జానమద్ది హనుమచ్ఛాస్త్రి పట్టుదలతో 1995 నాటికి బ్రౌన్ గ్రంథాలయం వెలసింది. తాళపత్రాలూ ఉన్న ఆ గ్రంథాలయం అనంతరం యోగి వేమన విశ్వవిద్యాలయం ఆధీనంలోకి వచ్చింది.