యాభై దాటాక గురువయ్యారు!

బ్రూస్ లీ పేరు వినని ఇల్లు ఉండదు. టీనేజ్‌లో ఆయనకు కుంగ్‌ఫూ నేర్పిన గురువు ఇప్ మాన్. ఈ గురువు జీవితం నుంచి మీరు తెలుసుకోవాల్సిన ఆరోగ్య సంగతులు రెండున్నాయి.

ఇప్ మాన్ 1893లో దక్షిణ చైనాలోని ఫోషాన్‌లో, కలిగిన కుటుంబంలో పుట్టారు. చిన్నప్పుడే చాన్ వా షున్ అనే గురువు దగ్గర ‘వింగ్ చున్’ విద్యలో చేరారు. ఒక బౌద్ధ సన్యాసిని ఈ విద్యను వింగ్ చున్ అనే యువతికి నేర్పిందనీ, ఆమె పేరే దీనికి స్థిరపడిందనీ ఐతిహ్యం.

ఇందులో కండబలం కన్నా ఒడుపు ముఖ్యం. మోచేతులు ఒంటికి దగ్గరగా ఉంచి, శరీర మధ్యరేఖ మీదుగా, దగ్గర నుంచే సూటిగా కొడతారు. చేతులు ఆనించి ఎదుటివారి ఒత్తిడిని పసిగట్టడం, చెక్కబొమ్మతో అభ్యాసం ఇందులో ముఖ్యమైనవి. మొదటి పాఠం ‘సియు నిమ్ తావ్’లో కాళ్లు కదపకుండా నిలబడి, చేతులను నెమ్మదిగా కదుపుతారు.

చైనాలో 1949లో కమ్యూనిస్టులు అధికారంలోకి వచ్చాక ఇప్ మాన్ హాంకాంగ్ చేరారు. ఆస్తి పోయింది. 1950లో అక్కడి రెస్టారెంట్ కార్మికుల సంఘంలో బతుకుతెరువు కోసం పాఠాలు మొదలుపెట్టారు. అప్పటికి ఆయన వయసు యాభై ఆరు దాటింది.

‘ఈ వయసులో వ్యాయామమేంటి డాక్టర్’ అని ఓపీలో నన్ను అడుగుతుంటారు. వయసు అడ్డు కాదు. గుండెజబ్బు, బీపీ, మోకాళ్ల నొప్పి ఉంటే డాక్టర్‌ను అడిగి, నెమ్మదిగా మొదలుపెట్టండి.

ఇక రెండో సంగతి. ఇప్ మాన్ 1972 డిసెంబరులో గొంతు క్యాన్సర్‌తో కన్నుమూశారు. అంతకు కొన్ని వారాల ముందే, 79 ఏళ్ల వయసులో, చిక్కిపోయిన ఒంటితోనే తన విద్యను చేసి చూపగా చిత్రీకరించారు.

వ్యాయామం మంచిదే. కానీ రోజూ చేస్తున్నాం కదా, మాకేమీ రాదనుకోకండి. గొంతు బొంగురు మూడు వారాలైనా తగ్గకపోయినా, మింగడం కష్టమైనా, మెడలో గడ్డ తగిలినా వెంటనే ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించుకోండి. నొప్పి లేదని ఆగొద్దు. బీడీ, సిగరెట్, గుట్కా, మద్యం ఈ ముప్పును పెంచుతాయి. తొలిదశలో బయటపడితే గొంతు క్యాన్సర్ చాలామందిలో నయమవుతుంది. మీ ఇంట్లో ఎవరి గొంతైనా చాలాకాలంగా మారిపోయి ఉందా? ఈ వారమే తీసుకెళ్లండి.