ఆచార్యుడు కట్టిన రాతి ఆనకట్ట

వానను నమ్ముకొని జొన్నయు సజ్జయు వేసుకొని బ్రతికిన మన వినుకొండ పెద్దలు కరవుల కథలు చెప్పగా మీరు వినియేయుందురు. ఈ మెట్టసీమకు కృష్ణానీటిని మళ్లించిన వారిలో ముఖ్యులైన డాక్టరు కానూరి లక్ష్మణరావుగారి జీవితమును ఈ నెల మీ ముందుంచుచున్నాము. కె. ఎల్. రావు అనిన అందరికిని తెలియును.

ఆయన 1902 జూలై 15వ తేదీన కృష్ణాజిల్లా కంకిపాడులో జన్మించిరి. తండ్రి గ్రామ కరణము. తొమ్మిదవ యేటనే తండ్రి చనిపోయెను. బడిలో ఆడుకొనుచుండగా దెబ్బ తగిలి ఒక కంటి చూపు పోయెను. గీతలతోను కొలతలతోను పనిగల విద్యకు ఒంటికంటి పిల్లవాడు పోవుట ఎవరికైనను వింతగా తోచును. అయినను ఆయన మద్రాసులోని గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదివిరి. 1939లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయమునుండి డాక్టరు పట్టము పొందిరి. రంగూనులో ఆచార్యులుగాను, ఇంగ్లండులో సహాయాచార్యులుగాను పాఠములు చెప్పిరి. ఇనుపకమ్ములు వేసి పోయు కాంక్రీటును గూర్చి ఆంగ్లములో ఒక గ్రంథము కూడ వ్రాసిరి.

కాంక్రీటు పాఠము చెప్పిన ఆ ఆచార్యుడే, తరువాత ప్రభుత్వోద్యోగములో చేరి, నందికొండయొద్ద కట్టవలసిన నాగార్జునసాగరమునకు రాతి కట్టడమును రూపొందించిరి. ఇది గమనింపదగిన సంగతి. ఆ దినములలో దేశములో సిమెంటు కొరత; పెద్ద యంత్రములు విదేశములనుండి రావలెను, వాటికి డబ్బు లేదు. రాయి మాత్రము చేరువనే ఉన్నది, పనికొరకు ఎదురుచూచు చేతులును ఉన్నవి. అట్టి ఆనకట్ట నీటి త్రోపుడుకు నిలుచునది తన బరువువలననే. బరువునకు రాతికి లోటేమి? హిజ్కియా యెరూషలేములోనికి నీరు తెచ్చుటకు కొండరాతిని తొలిపించిన సంగతి మీరెరుగుదురు. ఇక్కడ రాతిమీద రాతిని పేర్చవలసివచ్చెను.

1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. వేలకొలది స్త్రీపురుషులు కర్రలతో కట్టిన బాటలమీద రాళ్లు మోసిరి. పునాదినుండి 124 మీటర్ల ఎత్తున, 1,450 మీటర్ల పొడవున రాతిగోడ లేచెను. లోకములోని రాతి ఆనకట్టలలో ఇంత పెద్దది లేదని చెప్పుదురు. అందుకై కృష్ణలోయలోని పల్లెలు మునిగినవి, ఇండ్లు విడిచినవారు కలరు, వారినిగూడ మరువరాదు.

లక్ష్మణరావుగారు 1962లో విజయవాడనుండి లోక్‌సభకు ఎన్నికై, మరుసటి యేడు కేంద్రములో నీటిపారుదల, విద్యుత్తు శాఖల మంత్రియైరి. తాము గీసిన ఆనకట్టనుండి 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు వదలినప్పుడు ఆ శాఖ ఆయన చేతనే యుండెను. కుడికాలువ గుంటూరు, ప్రకాశము జిల్లాలవైపు సాగినది. జొన్నచేలు ఉన్నచోట్ల వరిమడులు కనబడెను.

నిజము చెప్పవలెనన్న, అందరికిని ఆ నీరు అందలేదు. కాలువ పల్లమునకే పారును గాని మెట్టకెక్కదు. బొల్లాపల్లి వైపు ఎత్తునేలల రైతులు నేటికిని మేఘములవైపే చూచుచున్నారు.

ఆయన 1986 మే 18న మరణించిరి. సాగరమునకు దిగువను కృష్ణపై కట్టిన పులిచింతల ప్రాజెక్టునకు ఆయన పేరు పెట్టిరి.