తెర వెనుక నిలిచిన దేశసేవకుడు: రఫీ అహమ్మద్ కిద్వాయ్

ఎన్నికలు వచ్చినపుడు మన కన్నులకు కనబడేవి వేదికలు, పూలమాలలు, ఊరేగింపులు. వేదికపై నిలిచి ప్రసంగించిన నాయకుని పేరు మరునాడు పత్రికల కెక్కుతుంది. కాని ఆ వేదికకు గుంజలు పాతించినవారు, ఓటర్ల జాబితాలు చేతబట్టుకొని ఊరూరా తిరిగినవారు, అలిగి కూర్చున్న కార్యకర్తను బుజ్జగించి మరల పనిలోనికి తెచ్చినవారు చరిత్ర పుటలలో అరుదుగా కనిపిస్తారు. అట్టి మౌనసేవకు జీవితాన్ని అంకితం చేసిన మహనీయుడు రఫీ అహమ్మద్ కిద్వాయ్. ఆత్మీయులకు ఆయన రఫీ సాహెబ్.

ఆయన 1894 ఫిబ్రవరి 18వ తేదీన, నేటి ఉత్తరప్రదేశ్‌లోని బారాబంకీ జిల్లా మసౌలీ గ్రామంలో ఒక మధ్యతరగతి జమీందారీ కుటుంబంలో జన్మించారు. రాజకీయాలలో ఆసక్తి గల పినతండ్రి విలాయత్ అలీ సంరక్షణలో పెరిగి, అలీగఢ్‌లోని మహమ్మదన్ ఆంగ్లో ఓరియంటల్ కళాశాలలో 1918లో పట్టభద్రులయ్యారు. పిదప న్యాయశాస్త్ర విద్య నారంభించారు. అంతలో ఖిలాఫత్, సహాయ నిరాకరణోద్యమాలు దేశాన్ని కదిలించగా, ఆ చదువును విడిచి ఉద్యమంలో చేరి కారాగారవాసం అనుభవించారు.

విడుదలైన తరువాత అలహాబాదులోని ఆనంద భవనం చేరి మోతీలాల్ నెహ్రూకు కార్యదర్శి అయ్యారు. తెర వెనుక పనికి అదే ఆయన తొలి పాఠశాల. 1926లో కేంద్ర శాసనసభకు ఎన్నికై, అక్కడ స్వరాజ్య పక్షానికి విప్‌గా వ్యవహరించారు. విప్ పని ఉపన్యసించడం కాదు. ఓటింగు వేళకు తన పక్షం సభ్యులందరూ సభలో ఉండేటట్లు చూడడం. ఎవరు ఎక్కడ ఉన్నారు, ఎవరి మనసు ఎటు మొగ్గుతున్నది అని నిరంతరం గమనించే అలవాటు ఆయనకు అక్కడ దృఢపడినది. కాంగ్రెసు పిలుపు మేరకు 1930లో ఆ సభ్యత్వాన్ని త్యజించి, రాయబరేలీ రైతుల మధ్యకు వెళ్ళి, పన్నుల నిరాకరణ కార్యక్రమం నడిపి మరల జైలు పాలయ్యారు.

1935 చట్టం ననుసరించి బ్రిటిష్ ఇండియాలోని 11 రాష్ట్రాలలో 1937 నాటికి ఎన్నికలు జరిగాయి. కాంగ్రెసు అధ్యక్షులైన జవహర్‌లాల్ నెహ్రూ దేశమంతటా సుడిగాలివలె పర్యటించారు. సభలకు జనం వేలుగా తరలివచ్చారు. అయితే సభకు వచ్చిన జనం వేరు, పెట్టెలో పడే ఓటు వేరు. అభ్యర్థులను ఎంపిక చేయడం, ధనం సమకూర్చడం, కార్యకర్తలను ఎక్కడికక్కడ నియోగించడం, వర్గాల నడుమ సంధి కుదర్చడం వంటి పనులన్నీ ఎవరో ఒకరు మోయవలసినవే. నాటి సంయుక్త రాష్ట్రంలో, అంటే నేటి ఉత్తరప్రదేశ్ ప్రాంతంలో, ఆ భారం చాలవరకు రఫీ సాహెబ్ భుజస్కంధాలపైనే పడినది. ఆ రాష్ట్ర శాసనసభలోని 228 స్థానాలలో సగానికి మించి కాంగ్రెసు గెలుచుకొన్నది.

ఇచ్చటనే విధి వైపరీత్యం గోచరిస్తుంది. అందరినీ గెలిపించడానికి శ్రమించిన ఆయన స్వయంగా ఓడిపోయారు. ఆనాడు మతాన్ని బట్టి నియోజకవర్గాలు ఏర్పడి ఉండేవి. ముస్లింలకు కేటాయించిన 64 స్థానాలలో ముస్లింలకే ఓటు. వాటిలో కాంగ్రెసు 9 స్థానాలకు మాత్రమే పోటీ చేసి, ఒక్కటియును గెలవలేదు. గోడకు ఆవలనున్న సోదరుని ఓటు తనకు పడదు. ఈవలనున్న సోదరుడు తనను నమ్మలేదు. అట్టి స్థితిలో అన్యులైతే విరక్తి చెందేవారేమో! ఆయన చెందలేదు. తరువాత ఉపఎన్నికలో ముస్లిం లీగు పోటీకి దిగనందున ఏకగ్రీవంగా సభలో ప్రవేశించారు. ప్రత్యర్థి పక్షంలోనూ పాత స్నేహాలను నిలుపుకొన్నందువలన కలిగిన ఫలమిది. కాని ఆ స్నేహాలు రెండు పక్షాలను ఒక ప్రభుత్వంలోకి తీసుకొని రాలేకపోయాయి. చర్చలు విఫలమై, మనసులు విరిగిపోయాయి. తెర వెనుక నేర్పునకు గల హద్దు ఎంతటిదో ఆ ఘట్టం నిరూపిస్తున్నది.

పంత్ మంత్రివర్గంలో రెవెన్యూ, జైళ్ళ శాఖలను వహించి, కౌలురైతులకు రక్షణ కల్పించిన 1939 నాటి కౌలు చట్టానికి ఆయన బాటవేశారు. స్వాతంత్ర్యానంతరం కేంద్రంలో సమాచార సౌకర్యాల మంత్రిగా 1949లో రాత్రి విమాన తపాలా ప్రారంభించారు. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసులనుండి బయలుదేరిన విమానాలు అర్ధరాత్రి నాగపూరులో కలిసి తపాలా మార్చుకొనేవి. లోకం నిద్రించే వేళ సాగే ఈ సేవ ఆయన స్వభావానికి తగినదే.

ఆయనను విమర్శించినవారు లేకపోలేదు. వర్గ రాజకీయాలు నడుపుతారన్న మాట ఉండేది. 1951లో కాంగ్రెసును వీడి కృపలానీ గారి కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీలో చేరి, నెహ్రూ కాంగ్రెసు పగ్గాలు చేపట్టగానే తిరిగి వచ్చారు. ఈ చంచలత్వాన్ని కొందరు క్షమించలేదు.

తరువాత 1951-52లో తొలి సార్వత్రిక ఎన్నికలు వచ్చాయి. ఓటర్లు 17 కోట్లకు పైబడినవారు. మతాల గోడలు తొలగి, అందరూ ఒకే పెట్టెలో ఓటు వేసే కాలం వచ్చినది. రఫీ సాహెబ్ బహ్రాయిచ్ ప్రాంతంనుండి లోక్‌సభకు ఎన్నికయ్యారు. 1937లో ఒక మతం వారి ఓటుకే పరిమితమై ఓడిన వ్యక్తి, ఇప్పుడు హిందువులు, ముస్లింలు కలిసి వేసిన ఓట్లతో గెలిచారు. ఆయన జీవితంలో ఇంతకు మించిన విజయం లేదనిపిస్తుంది.

ఆహార, వ్యవసాయ శాఖామాత్యులై ధాన్యంపై నియంత్రణలను క్రమంగా సడలించారు. 1952లో రాజాజీ మద్రాసు రాష్ట్రంలో రేషనింగు ఎత్తివేసినపుడు ఆయన అండగా నిలిచారు. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పటికి ఆ రాష్ట్రంలోనివే కనుక, ఆ మార్పు మన తెలుగువారి ఇండ్లను కూడా తాకినది.

1954 అక్టోబరు 24న ఢిల్లీలో ఆయన పరమపదించారు. మసౌలీలో ఖననం జరిగినది. పార్టీ కోసం ఎంతో ధనం సేకరించి, అడిగినవారికి లేదనక పంచిన ఆ చేయి తనకంటూ ఏమీ మిగుల్చుకోలేదు. మిగిలినవి అప్పులు, స్వగ్రామంలో శిథిలావస్థలోనున్న ఇల్లు.

విద్యార్థి మిత్రులారా! మన కళాశాల సంఘ ఎన్నికలలోనైనా, రేపటి దేశపు ఎన్నికలలోనైనా, మాల వేయించుకొనేవాడు ఒక్కడే, మాల గ్రుచ్చేవారు పలువురు. ఆ పలువురిలో ఒకరై, ఫలాన్ని ఆశించక పనిచేయడం చిన్నతనం కాదని రఫీ సాహెబ్ జీవితం మనకు బోధిస్తున్నది.