యెర్రగుంట్ల పేరయ్యగారు

మన అల్లూరున 1873లో బాప్తిస్టు మిషను నెలకొనుటకు మునుపే, ఒంగోలు సీమలో మన మాదిగ కులమువారికి క్రీస్తుమార్గమును జూపినవారు యెర్రగుంట్ల పేరయ్యగారు. బంధువులకును పోషకులకును వారి చరిత్రము కొంత విన్నవింతుము.

వారు తాళ్ళకొండపాడు నివాసులు, తోళ్ల వర్తకులు. వీరమ్మ యను యోగిని యొద్ద ఉపదేశము పొంది, దేవుడొక్కడే యని నమ్మి, తామును గురువులై శిష్యులను గడించిరి. తోళ్ల బేరమునకు ఏలూరు వైపు పోయినప్పుడు క్రైస్తవబోధ వినిరి. 1866లో జూయెట్ దొరగారిచే సతీసమేతముగ బాప్తిస్మము పొందిరి. 1867 జనవరిలో క్లౌ దొరగారు ఆ యూరి చింతతోపున దిగగా, 28 మంది చేరిరి. వారిని సమకూర్చినది పేరయ్యగారే. పాత గురుశిష్య సంబంధమే క్రొత్త మతమునకు త్రోవ యయ్యెను.

నియమములు మూడే: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు. వినుటకు స్వల్పములు. కాని జాతరలో డప్పు మ్రోగించువారెవరు? పిలిచిన దినమున పనికి పోవువారెవరు? ఊరి పెద్దలు ఆగ్రహించి మనవారికి అంగళ్లను, బాటలను మూసిరి. అయినను మనవారు లొంగరైరి.

చచ్చిన మాంసము విడుచుట మనకు గౌరవమే తెచ్చెను. డప్పు సంగతి వేరు. వెట్టికి మ్రోగినను తోలు మనది, చేయి మనది. దానిని విడువవలసి వచ్చుట మాకు నేటికిని కష్టముగనే తోచుచున్నది. తోలుపని మాత్రము నిషేధింపబడలేదు. చెప్పులు కుట్టుచునే మనవారు క్రీస్తు కథ ఒకరికొకరు చెప్పుకొనిరి.